నడిపించని ల్యాప్‌టాప్ ఇవ్వబడదు

కోరాపుట్‌లో పొద్దున్న ఆరు గంటలకి కొందరు కుక్కని తీసుకుని నడుస్తారు, కొందరు షుగరు తగ్గాలని నడుస్తారు. ఇజ్రాయెల్ మావయ్య ల్యాప్‌టాప్‌ని నడిపిస్తాడు.

వేళాకోళం కాదు. రోజూ ప్రార్థన చేసుకుని, మంకీ టోపీ పెట్టుకుని, ముందురోజు బాగుచేసిన ల్యాప్‌టాప్‌ని తెరిచి, చంటిపిల్లనెత్తుకున్నట్టు ఎడంచేతి మీద పడుకోబెట్టుకుని గుమ్మం దిగుతాడు. ఆయన ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుని ఇంటి కిటికీలో కూర్చుంటుంది. కిటికీ వెనక ఆయన భార్య దొర్కా అత్త టీ గ్లాసుతో కూర్చుంటుంది. వీధి బస్టాండు వైపు వాలుగా దిగుతుంది. మావయ్య తెర మీంచి కళ్లు తియ్యకుండా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్తాడు. వైఫై గీతలు ఎక్కడ చచ్చిపోతే అక్కడ ఆగి, సుద్దముక్కతో రోడ్డు మీద ఓ గీత గీసి, ఆ లెక్క చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ అడుగున అంటిస్తాడు. 'అడుగులు 164. ఇ.' ఆ చీటీ పడితేనే సరుకు కొట్టు దాటుతుంది. కొట్టులో బోర్డు కూడా ఉంది: 'నడిపించని ల్యాప్‌టాప్ ఇవ్వబడదు.' కొత్తవాళ్లు అది చూసి నవ్వుతారు. రెండో రోజుకి నవ్వరు.

ఆ వీధి ఊడ్చే మున్సిపాలిటీ గున్నమ్మ మాత్రం, మావయ్య కనిపించగానే చీపురు తిప్పి, ఆయన నడిచే దారి ముందు ఊడ్చేస్తుంది. రాళ్లు తన్నుకుంటాడని.

"బాబో, గుంట! గుంటున్నాది! కాలు ఎడమెట్టు!"

"నూట పన్నెండు... మాటాడించకే గున్నమ్మా, లెక్క పోతాది."

"లెక్క పోతే మల్లీ ఎట్టుకుంటావు. కాలు పోతే యేటెట్టుకుంటావు?"

ఒక్కసారి మాత్రం లెక్క నిజంగానే కొండెక్కింది. ఎవరిదో పాత ల్యాప్‌టాప్, వైఫై కార్డు మార్చింది. వంద దాటింది, రెండొందలు దాటింది, గీతలు చెక్కు చెదరలేదు. ఐదొందలు. బస్టాండొచ్చింది. మావయ్యకి ఒళ్లు గగుర్పొడిచింది. బోరిగుమ్మ బస్సు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసినా సిగ్నలు నిండుగా ఉంది. "ఈ కార్డుని దేవుడు ముట్టేడు!" అని అక్కడే కళ్లు మూసుకున్నాడు. ఆదివారం గుడిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాడు. పాస్టరుగారు ఆమెన్ అనబోతుంటే, ఆడవాళ్ల వైపు నుంచి దొర్కా అత్త లేచింది.

"అయ్యగారూ, ఆ రోజు ఈయన మఫ్లరు మర్చిపోయేరు. ఇద్దామని నేను ఎనకాలే ఎల్లేను. ఫోను నా సేతిలోనే ఉన్నాది."

గుడి గుడంతా నవ్వింది. మావయ్య నవ్వలేదు. "మరి మఫ్లరు ఇవ్వలేదేటి?" అన్నాడు. "లెక్క పోతాదంటారని," అంది అత్త.

అలాంటి మనిషి చేతిలో దేవకుమారి పడింది.

దేవకుమారి లక్ష్మీపూర్‌లో ఓ హాస్టల్ బడిలో లెక్కల టీచరు. ఆమె భర్త నోయెల్, నాలుగేళ్ల కూతురు బుల్లి ఉండేది రాయగడలో. వారానికి ఒక్క ఆదివారం పిల్లని చూసుకుని, మధ్యాహ్నం బస్సుకి ఏడిపించి, ఏడ్చి, తిరిగి రావడం. రెండేళ్లుగా అదే. ఇన్నాళ్లకి రాయగడలోనే ఒక బడిలో ఖాళీ వచ్చింది. శనివారం పన్నెండు గంటలకి కంప్యూటరు ముందు కూర్చుని, వాళ్లు చూస్తుండగా ఓ పాఠం చెప్పి చూపించాలి. ఫోనులో కుదరదని ముందే రాశారు. సరిగ్గా ఆరురోజుల ముందు, ఆదివారం సాయంత్రం, ఆమె ల్యాప్‌టాప్‌లో వైఫై మాయమైపోయింది.

ఆఫీసు కంప్యూటరు వాడదామంటే, వేరే ఉద్యోగానికి వెళ్తున్నట్టు హెడ్మాస్టరు బిశ్వజిత్ బాబుకి తెలిసిపోతుంది. క్వార్టర్సులో సెల్లు సిగ్నలు రావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. ఉన్న ఒకే దారి, ఆఫీసులోని రౌటరు నుంచి క్వార్టర్సు దాకా పల్చగా వచ్చే వైఫై. అందుకని సోమవారం సగం సెలవు పెట్టి కోరాపుట్ బస్సెక్కింది.

"ఏటైందమ్మీ?" అన్నాడు మావయ్య. ఆయన కోరాపుట్‌లో తెలుగువాళ్లందరికీ మావయ్యే.

"వైఫై పోయింది మావయ్యా. శనివారం నాకు..."

"శనివారం సంగతి శనివారం సూద్దాం. ఒకేపాలి పడిపోయిందా, జ్వరంలాగ దిగతా ఎక్కతా పోయిందా?"

"వారం నుంచి వచ్చిపోతోంది. నిన్న అసలు లేదు."

మావయ్య ల్యాప్‌టాప్‌ని బోర్లా తిప్పి, పది మరలు విప్పాడు. వాటిని పాత చర్చి క్యాలెండరు వెనక గీసుకున్న బొమ్మ మీద, ఎక్కడి మర అక్కడే పెట్టాడు. బ్యాటరీ తీగ ఊడదీశాడు. లోపల ఓ మూల తపాలాబిళ్లంత కార్డు, దానికి నల్లదొకటి తెల్లదొకటి వెంట్రుకల్లాంటి తీగలు. భూతద్దం పెట్టి దాని మీది చీమతలకాయంత అక్షరాలు, సొంత అల్లుడి ఉత్తరం చదువుతున్నట్టు, పైనించి కిందికి చదివాడు. మళ్లీ కిందినించి పైకి చదివాడు.

"చనిపోయింది," అన్నాడు టోపీ తీసి.

"పోనీ మావయ్యా, బయట గుచ్చుకునేది దొరుకుతుందిగా, యూఎస్‌బీది. అది పెట్టేసుకుంటాను."

"ముక్కు మూసుకుపోతే సెవిలో గొట్టం పెట్టుకుంటామేటి?"

దొర్కా అత్త నర్సుగా రిటైరైనప్పుడు తెచ్చుకున్న మాత్రల డబ్బా ఒకటి ఉంది. దాని గడుల్లో ఇప్పుడు మాత్రలు లేవు, కార్డులున్నాయి. ఒకటి తీసి పెట్టాడు. ఆన్ చెయ్యగానే నల్లతెర మీద తెల్లటి అక్షరాలు: ఈ కార్డు మాకు సమ్మతం కాదు, తీసేస్తేనే ముందుకెళ్తాం. కొన్ని ల్యాప్‌టాప్‌లకి ఆ పట్టింపు ఉంటుంది. తయారుచేసినవాళ్ల జాబితాలో ఉన్న నంబరు కార్డే కావాలి. ఎంత మంచి కార్డు తెచ్చినా గుమ్మంలోనే నిలబెట్టేస్తాయి.

"దీనికి సొంత సంబంధమే కావాలంట. ఎతుకుతాను. నువ్వెల్లు," అన్నాడు మావయ్య.

మంగళవారం సాయంత్రం కబురొచ్చింది: అదే కంపెనీ చచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి అటక మీద దొరికింది, నంబరు కలిసింది, కార్డు పెడితే వైఫై వచ్చింది. దేవకుమారి మోకాళ్ల మీద పడి దేవుడికి వందనాలు చెప్పుకుంది. "రేపు వస్తాను మావయ్యా" అంది.

"వస్తావు గానీ, ఇవ్వలేను. నడవలేదు."

"ఏం నడవలేదు? పనిచేస్తోందన్నారుగా!"

"పనిచేస్తన్నాది. నడవలేదు. వాన."

ఆషాఢం కోరాపుట్ అది. వాన పట్టుకుంటే వదలదు. బుధవారం వాన. గురువారం వాన. దేవుడు ఓర్పు పంచిపెట్టిన రోజున దేవకుమారి హాజరు బాగానే పడింది గానీ, ఆ గురువారానికి ఆ నిల్వ అడుగంటింది. రెండో సగం సెలవు పెట్టి, తడిసి ముద్దయి కొట్టులో దిగింది. ల్యాప్‌టాప్ బల్ల మీదే ఉంది, చక్కగా తువ్వాలు కప్పుకుని.

"ఇచ్చెయ్యండి మావయ్యా."

"నడవలేదమ్మీ."

"కొట్టులోనే నడవండి!"

"కొట్టు తొమ్మిదడుగులు. తొమ్మిదడుగులు గోడ గడియారం కూడా నడుస్తాది."

"గొడుగేసుకుని నడవండి!"

"ఒక సేత ల్యాప్‌టాప్, ఒక సేత సుద్దముక్క. గొడుగు పళ్లతో పట్టుకోనా?"

"నేను పట్టుకుంటాను, పదండి!"

మావయ్య వాన వైపు చూశాడు, ఇంటి కిటికీ వైపు చూశాడు, ఏదో చెప్పబోయి మానేశాడు. "సర్లే. మీ రౌటరుకి, నీ గదికి ఎన్నడుగులు?" అన్నాడు.

"పక్కనే."

"పక్కనే అంటే?"

"పక్కనే అంటే పక్కనే మావయ్యా! నేను లెక్కపెట్టలేదు!"

"లెక్కల టీచరివి కాదేటి నువ్వు?" అన్నాడు మావయ్య. నిజంగా బాధపడ్డాడు.

శుక్రవారం ఆఖరి సగం సెలవు. లాక్కునైనా తెచ్చుకోవాలని ఒంటిగంట బస్సెక్కింది. దారి పొడుగునా మావయ్యని అనాల్సిన మాటలు కూడబెట్టుకుంది. కొన్ని బైబిలు చదివేవాళ్లు అనకూడనివి. తీరా వెళ్తే కొట్టు మూసి ఉంది. బల్ల మీద ల్యాప్‌టాప్ లేదు. కిటికీలో ఫోనుంది, దాని వెనక దొర్కా అత్త ఉంది.

"మధ్యాన్నమే బస్సెక్కేరమ్మీ. సంచీలో నీదే ఎట్టుకున్నారు. యెక్కడికంటే సెప్పలేదు. ఫోను సూడు, ఇక్కడే వొగ్గీసేరు."

దేవకుమారి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. కూడబెట్టుకున్న మాటలేవీ రాలేదు, కళ్లనీళ్లొచ్చాయి. "రేపే అత్తా. రేపు పన్నెండుకి. ఇది పోతే బుల్లికి మళ్లీ ఆదివారాల అమ్మనే. వానలో నాలుగడుగులు వెయ్యడానికి ఈయనకేమొచ్చింది?"

"ఈయనకి కాదమ్మీ, నాకొచ్చింది," అంది దొర్కా అత్త. వేడి టీ చేతిలో పెట్టి, తువ్వాలుతో ఆమె తల తుడుస్తూ చెప్పింది. "మూడేళ్ల కింద ఇలగే వానలో నడిచి నిమోనియా తెచ్చుకున్నారు. పదకొండు రోజులు ఆస్పత్రి. నేను నర్సునై ఉండీ వొణికిపోయేను. బైబిలు మీద సెయ్యేయించుకున్నాను, వానలో నడవనని. ఆ మాట బయట సెప్పుకోడం ఆయనకి నామోషీ."

"అసలీ నడకెందుకత్తా?"

"లమ్తపుట్ నుంచొక నర్సమ్మాయి వచ్చీది. ఈయన కార్డు మార్చి ఇచ్చేరు. బల్ల మీద బాగానే పనిచేసింది. ఇంటికెళ్తే లేదు. మల్లీ వచ్చింది, ఇక్కడ బాగుంది, అక్కడ లేదు. మూడుసార్లు, చంటిపిల్లనెత్తుకుని, మూడేసి గంటల బస్సు. ఆకరికి సూస్తే తెల్లతీగ సరిగ్గా నొక్కలేదీయన. రౌటరు పక్కన కూకుంటే తెలీదు, దూరమెల్తేనే తెలుస్తాది. 'ఆ పిల్ల నడిచిన నడక నేను నడవాల్సింది దొర్కా' అన్నారు. మర్నాటినించి ఇదిగో, ఇదీ వరస."

కోపమంతా పోయిందని చెప్పలేం. సగం పోయింది. మిగతా సగంతో దేవకుమారి మూడున్నర బస్సు ఎక్కింది.

లక్ష్మీపూర్‌లో దిగి బడి గేటు దాటేసరికి ఐదు. వాన ధారగా పడుతోంది. ఆఫీసుకీ క్వార్టర్సుకీ మధ్య బురదలో రెండు ఆకారాలు కదులుతున్నాయి. ముందున్నాయన మంకీ టోపీ. చేతి మీద తెరిచిన ల్యాప్‌టాప్. వెనకున్నాయన గొడుగు పట్టుకుని ఉన్నాడు. ఆ గొడుగు ఏ మనిషి మీదా లేదు. ల్యాప్‌టాప్ మీద ఉంది. గొడుగు పట్టిన మనిషి హెడ్మాస్టరు బిశ్వజిత్ బాబు.

"అఠాఅశి, అణానబే," అని ఆయన ఒరియాలో లెక్కపెడుతున్నాడు.

"తొంభై," అన్నాడు మావయ్య. "పోయింది."

దేవకుమారి గుండె కూడా అక్కడే పోయింది. "మావయ్యా! సారుకి ఏం చెప్పారు?"

"ఏటి సెప్తాను, ఉన్నదే సెప్పేను. ఈ అమ్మి రేపు మీ బడి వొదిలి పోడానికి పరీక్ష ఇస్తాది బాబూ, దానికి వైఫై గట్టిగా ఉండాలి, కొంచెం గొడుగు పట్టండీ అన్నాను."

దేవకుమారి నాలుగు రోజులు నోరు నొక్కుకుని దాచిన రహస్యాన్ని, ఈ పెద్దాయన గొడుగు కోసం ఇచ్చేశాడు. బిశ్వజిత్ బాబు కళ్లజోడు మీది నీళ్లు తుడుచుకున్నాడు. ఆయన ఇల్లు బాలాసోర్‌లో. పిల్లల్ని చూసేది ఏడాదికి రెండుసార్లు.

"నాకూ లెక్కల టీచరు దొరకడం కష్టమే మేడమ్," అన్నాడు వచ్చీరాని తెలుగులో. "కానీ పిల్ల ఉన్న వైపు వెళ్లేవాళ్లకి నేను అడ్డం నిలబడను. ముందు ఈ తొంభై దగ్గర ఎందుకు పోతోందో చూద్దాం."

తొంభై దగ్గర పోతే దేవకుమారి మంచం దాకా రాదు. మంచం పక్క కిటికీ నూట ఇరవయ్యారో అడుగు. మావయ్య గది తలుపు వారగా వానకి వీపు పెట్టి, కార్డు విప్పి, తెల్లతీగా నల్లతీగా మళ్లీ నొక్కి చూశాడు. అవి గట్టిగానే ఉన్నాయి. అప్పుడు ముగ్గురూ ఆఫీసులోకి వెళ్లి చూస్తే, రౌటరు ఇనప బీరువా వెనక, గోడకీ బీరువాకీ మధ్య, సాలెగూడు కప్పుకుని ఉంది.

"సెవిటి మేళంలాగ బీరువా ఎనకాల కూకుని పాడతన్నాదిది. ఎవులికినపడతాది?" అన్నాడు మావయ్య.

దాన్ని తీసి కిటికీ మీద పెట్టారు. హెడ్మాస్టరే స్టూలెక్కి తీగ కట్టాడు. మళ్లీ మొదటినించీ నడిచారు. తొంభై దాటింది. మంచం కిటికీ దాటింది. నూట నలభై ఆరు దగ్గర చచ్చింది. మావయ్య జేబులోంచి తడిసిన చీటీ తీసి రాసి అంటించాడు: 'మంచం దాకా 126. మిగులు 20. ఇ.'

ఈలోగా ఘాట్‌లో చెట్టు పడి రోడ్డు ఆగిపోయింది. మావయ్య ఆ పూటకి హెడ్మాస్టరు ఇంట్లోనే ఉండిపోయాడు. దేవకుమారి దొర్కా అత్తకి మెసేజి పెట్టింది: 'మావయ్య ఇక్కడే, హెడ్మాస్టరు గారింట్లో ఉన్నారు. రోడ్డు ఆగింది. రేపు వస్తారు.' వెంటనే జవాబొచ్చింది. ఒకటే ముక్క: 'తడిసేరా?'

దేవకుమారి ఆ మెసేజిని చూసింది. మావయ్య హెడ్మాస్టరు లుంగీ కట్టుకుని, ఆయన స్వెట్టరు తొడుక్కుని, ఆవిరి పట్టుకుంటున్నాడు. ఏం రాయాలో తెలియక, ఫోను బోర్లా పెట్టి ప్రార్థన చేసుకుంది.

శనివారం పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా ఇంకో సంగతి బయటపడింది. బిశ్వజిత్ బాబు రోజూ సరిగ్గా పన్నెండుకి టీ కాచుకుంటాడు. ఆఫీసులో పనిచేసే ప్లగ్గు ఒకటే. రౌటరు పీకి కెటిల్ పెట్టుకోవడం ఆయనకి పదేళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే వెళ్లిపోతుంది. మావయ్య కుర్చీ లాక్కుని గోడ పక్కన కూర్చుని, ప్లగ్గు మీద అరచెయ్యి కప్పాడు.

"ఎంతసేపు?" అన్నాడు హెడ్మాస్టరు.

"అమ్మి పాఠం ఎంతసేపో అంతసేపు."

అటు క్వార్టర్సులో రేకుల మీద వాన. మంచం మీద ల్యాప్‌టాప్, తెరలో రాయగడ బడివాళ్లు ముగ్గురు. దేవకుమారి బుల్లి కోసం కొన్న, ముక్కలుగా విడిపోయే రొట్టె బొమ్మని నాలుగు చేసి, అందులో మూడు తీసి, భిన్నాలు చెప్పింది. నలభై నిమిషాలు. ఒక్కసారి తెరలోవాళ్ల మొహాలు బిగుసుకుపోయాయి. దేవకుమారి ఊపిరి కూడా బిగుసుకుంది. సిగ్నలు కాదు, వాళ్లు శ్రద్ధగా వింటున్నారు.

"ఒకటో తారీఖున చేరగలరా?" అన్నారు చివర్లో.

నోయెల్‌కి ఫోను చేస్తే బుల్లి ఎత్తింది. "అమ్మా, ఆదివారం వస్తావా?" "వస్తాను. ఇంకో రెండు వారాలు అలాగే వస్తాను. తరవాత వచ్చి, ఇంక ఎక్కడికీ వెళ్లను." "మధ్యాహ్నం బస్సుకి కూడానా?" "బస్సు వెళ్తుంది. నేను వెళ్లను."

ఆమె బురదలో పరుగెత్తుకుంటూ ఆఫీసుకొచ్చేసరికి, మావయ్య చెయ్యి ఇంకా ప్లగ్గు మీదే ఉంది. బిశ్వజిత్ బాబు ఎదురుగా ఖాళీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి పన్నెండున్నర దాటి టీ తాగని మనిషి మొహం అది.

"వచ్చింది మావయ్యా! ఉద్యోగం వచ్చింది! తియ్యండి చెయ్యి!"

మావయ్య చెయ్యి తీసి, మొహమంతా నవ్వి, దేవుడికి స్తోత్రం అని, ఆ వెంటనే కిటికీ రెక్కలు అదిరేలా తుమ్మాడు. ఒకటి. రెండు. మూడు. హెడ్మాస్టరు కెటిల్ పెడుతూనే అవీ లెక్కపెట్టాడు.

రోడ్డు తెరిచారు, రెండు గంటల బస్సు గేటు దగ్గర హారను కొట్టింది. దేవకుమారికి దండం పెట్టాలో, కాళ్ల మీద పడాలో తెలియలేదు. "మీ మీద ఎన్ని మాటలు కూడబెట్టానో మావయ్యా. క్షమించండి. మీకేం చెయ్యమంటారో చెప్పండి, ఏదైనా చేస్తాను."

మావయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒక్క ఉపకారం సెయ్యాలమ్మీ. మీ అత్త ఫోను సేస్తాది. నేను తడవలేదని సెప్పు."

"మావయ్యా! అబద్ధమా?"

"అబద్ధం ఎందుకూ? 'ల్యాప్‌టాప్ తడవలేదత్తా' అని సెప్పు. అది సత్యమే కదా. అక్కడితో ఆపీ. నా సంగతి అడిగిందనుకో, సిగ్నలు పోయిందని పెట్టీ."

అంతలోనే చేతిలో ఫోను మోగింది. వైఫై మీద, వాట్సాప్‌లో. తెర మీద దొర్కా అత్త పేరు, దాని పైన గీతలు నిండుగా, ఒక్కటీ తక్కువ లేకుండా.

"సిగ్నలు ఎక్కడ పోయింది మావయ్యా? మీరే కిటికీలో పెట్టించారుగా. ఇక్కడ నిలబడి పోయిందంటే అది అబద్ధం కాదూ?"

మావయ్య ఆలోచించాడు. తుమ్మాడు. బడి ప్రహరీ వైపు, బురద దారి వైపు కళ్లతోనే కొలిచాడు.

"అయితే నీ గది దాటి ఇరవయ్యొక్క అడుగు అవతలికెల్లి ఎత్తమ్మీ," అన్నాడు. "లెక్కపెట్టుకునెల్లు."